జాటోయిచీ పాత సినిమాల్లో ఏది ముందు? మావయ్యకు చెప్పడానికి

ఆదివారం మ్యాట్నీ:
మా మావయ్యకు చిన్నప్పుడే చూపు పోయింది. ఆదివారాలు ఇద్దరం సినిమా పెట్టుకుంటాం. తెర మీద ఏం జరుగుతోందో నేను చెబుతాను, సబ్‌టైటిల్స్ తెలుగులో చదువుతాను. పోయిన నెల జపాన్ దర్శకుడు తకేషి కిటానో 2003లో తీసిన జాటోయిచీ చూశాం, చూపులేని కత్తివీరుడు ఇచీ కథ. చివర్లో చెక్కచెప్పుల డాన్సు వస్తుంటే మావయ్య మోకాలి మీద తాళం వేస్తూనే ఉన్నాడు. ఇప్పుడు అదే పాత్ర షింటారో కట్సు వేసిన పాతవి కావాలంటున్నాడు. మొత్తం 26 ఉన్నాయి. చెవికి బాగుండేది ఏది?

రెండో ఆట:
1970లో వచ్చింది చూడండి. ఎదురుగా తోషిరో మిఫునే! ఇద్దరు మహానటులు ఒకే తెర మీద.

పాత రీలు:
అది 20వ సినిమా అండీ, దానికి తొందరేం లేదు. 1962 నాటి మొదటిదే పెట్టండి. కెంజి మిసుమి తీశాడు, బ్లాక్ అండ్ వైట్. కత్తియుద్ధాలు తక్కువ, చెవి ఒగ్గి వినేది ఎక్కువ. సంగీతం అకిరా ఇఫుకుబే.

మావయ్యకు ముందే ఒక మాట చెప్పండి, ఇచీ సమురాయ్ కాదు. ఒళ్లు పట్టి పొట్టపోసుకునే మనిషి, జూదరి. జాటో అంటే అప్పటి అంధుల సంఘంలో అట్టడుగు హోదా. కత్తి దాగి ఉండేది చేతికర్రలోనే.

మొదట్లోనే పాచికలాట వస్తుంది. ఇచీ గిన్నె బోర్లిస్తే పాచికలు దాని బయట పడతాయి. ఇతనికి తెలియలేదనుకుని అందరూ కనిపించినవాటిని బట్టే డబ్బు కాస్తారు. తీరా చూస్తే బయటవి చొక్కా చేతిలోంచి జారినవట, అసలువి గిన్నె కిందే ఉంటాయి! బయటపడ్డాయని మాత్రం చెప్పి ఆగండి. మిగతాది ఇచీ నోటే విననివ్వండి.

క్షయతో దగ్గే సమురాయ్ హిరాతే, ఇచీ చెరువు దగ్గర గాలాలేసుకుని కూర్చునే చోట నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది. ఆ ఇద్దరే చివరికి ఎదురెదురు నిలబడాలి.

ఆదివారం మ్యాట్నీ:
నిన్న చూశాం. మీరన్నట్టే పాచికల దగ్గర ఆగాను. "వాడు కావాలనే పడేశాడ్రా" అని మావయ్య ముందే పట్టేశాడు! చెరువు దగ్గర మాత్రం నన్ను చదవొద్దన్నాడు. "అర్థం తర్వాత చెబుదువు గానీ, ముందు వాళ్ల గొంతులు విననీ" అన్నాడు. ఆ సీను రెండుసార్లు వేశాను. వచ్చే ఆదివారం రెండోది.