నీడలో లాథైరస్ వెర్నస్: సగం గింజలు మొలవనే లేదు

పెరటిగోల:
మా పెరట్లో చెట్ల కింద లాథైరస్ వెర్నస్ పెంచాలని ఆశ. బఠాణీ జాతే అయినా పాకదట, నులితీగలుండవట, అడుగు పైచిలుకు ఎత్తులో గుబురుగా నిలబడి వసంతంలో పూస్తుందట. శీతాకాలం చివర్లో ప్యాకెట్టు గింజలు కుండీలో వేశాను. కొన్ని మొలిచాయి. మిగతావి తవ్వి చూస్తే రాళ్ళలా ఉన్నాయి. కుళ్ళలేదు, ఉబ్బనూ లేదు. పారెయ్యాలా? ఇంకో ఏడుపు: మొలిచిన వాటిలో రెండింటిని నత్తలు మట్టి దాకా కొరికేశాయి.

మొలకలమామ్మ:
పారెయ్యకమ్మా! గట్టిగా ఉన్న గింజ బతికున్న గింజే. పైపెంకు నీటిని లోపలికి రానివ్వడం లేదు, అంతే. బయటికి తీసి ఒక రాత్రి నీళ్ళలో నానెయ్యి. ఉబ్బినవి వెంటనే మట్టిలో పెట్టు. ఉబ్బనివాటిని గరుకు కాగితం మీద ఒక పక్క రుద్ది, లోపలి లేత రంగు కాస్త కనబడగానే ఆపి, మళ్ళీ నానెయ్యి. కాయ నుంచి ఊడిన మచ్చ ఉంటుంది చూడు, దానికి ఎదుటి వైపు రుద్దాలి. మచ్చ దగ్గరే మొలక ఉంటుంది, అక్కడ గీరితే గింజ దండగ.

నత్త కొరికినవాటి మీద కూడా ఆశ వదలకు. చిక్కుడు మొలకలా ఇది పప్పుబద్దలను పైకి మోసుకు రాదు, అవి మట్టిలోనే ఉండిపోతాయి. వాటి దగ్గరున్న మొగ్గలోంచి ఇంకో చిగురు వచ్చే అవకాశం ఉంది. తడి ఆరనివ్వకు, నీళ్ళు నిలవనివ్వకు. రాత్రి టార్చి వేసుకుని నత్తలు ఏరు. నాకు మందుల మీద కంటే టార్చి మీదే నమ్మకం.

ఆకుమన్ను:
మామ్మగారి మాటకు చిన్న సవరణ. కాయ పండగానే, ఆ ఏడు గింజను శరదృతువులోనే వేసి కుండీని చలికి బయట వదిలేస్తే రుద్దుడు పెద్దగా అవసరం పడదు. నిలవ గింజకే ఈ తంటాలన్నీ.

మొలకలమామ్మ:
ఒప్పుకుంటాను బాబూ, కానీ ఆ పిల్ల చేతిలో ఉన్నది ప్యాకెట్టు గింజ!

పెరటిగోల:
సరే మామ్మా, రుద్దుతాను. నేలలోకి ఎప్పుడు మార్చాలి? పువ్వెప్పుడు?

మొలకలమామ్మ:
వేరు లోతుకు దిగుతుంది, ముదిరాక కదిపితే అలుగుతుంది. అందుకే లోతైన కుండీలో పెంచి, చిన్నప్పుడే శాశ్వతమైన చోట పెట్టెయ్. మొక్కకూ మొక్కకూ మూరెడు ఎడం ఉంచు. పువ్వుకు రెండు మూడేళ్ళు ఆగాలి. చోటు మాత్రం ఆకు రాల్చే చెట్ల కింద చూడు. ఆ చెట్లు చిగురించే లోపే దీనికి కావలసిన వెలుతురు అందుతుంది. ఏడాది పొడవునా చీకటిగా ఉండే చోట పూత పలచబడుతుంది.

ఆకుమన్ను:
ఇంకో రెండు మాటలు. పువ్వు ఎర్రటి ఊదాలో విచ్చుకుని వాడేకొద్దీ నీలానికి తిరుగుతుంది, తెగులేమోనని కంగారు పడొద్దు. పూత అయ్యాక కొన్నాళ్ళకు ఆకులు పసుపెక్కి మొక్క మొత్తం నేలలోకి వెళ్ళిపోతుంది. చచ్చిందనుకుని ఆ చోట పార వెయ్యకుండా పుల్ల ఒకటి గుచ్చుకోండి. కాయ ఎండితే మెలి తిరిగి ఫట్మని పగిలి గింజల్ని దూరంగా విసిరేస్తుంది. గింజ కావాలంటే గోధుమరంగు తిరుగుతుండగానే కాయకు పలచటి గుడ్డసంచి కట్టాలి. గింజలు తింటే విషం, పిల్లలకు అందనివ్వకండి.

పెరటిగోల:
పుల్ల ఇప్పుడే గుచ్చాను. గింజలు గిన్నెలో నానుతున్నాయి, మూడు అప్పుడే లావెక్కాయి!