అప్‌డేట్: అనిత్యం మీద సోలో వయొలిన్ పీస్, లూప్ సంగతి

మొన్న అడిగింది నేనే, లూపర్ (వాయించింది రికార్డ్ చేసి మళ్ళీ మళ్ళీ తిప్పే పరికరం) పెట్టుకుని ఒక్కదాన్నే వయొలిన్ మీద అనిత్యం అనే ఆలోచనతో ఒక పీస్ చేస్తున్నా, కానీ లూప్ చెక్కుచెదరకుండా తిరుగుతూనే ఉంటోంది, వాల్యూమ్ తగ్గిస్తే సినిమా పాట చివర్లో ఫేడ్ చేసినట్టు ఉంటోంది, ఏం చెయ్యాలి అని.

ఫీడ్‌బ్యాక్, అంటే ఒక్కో రౌండ్‌కి పాత శబ్దం ఎంత మిగలాలో చెప్పే సెట్టింగ్, 85 శాతానికి దించమన్న అన్నయ్యకి చాలా చాలా థ్యాంక్స్! పది రౌండ్లు తిరిగేసరికి మొదట వాయించింది ఐదో వంతుకి పడిపోతుంది, పైగా లూప్ లోపలే ఒక లో-పాస్ ఫిల్టర్ (పై శబ్దాల్ని తగ్గించి కింది వాటిని వదిలేది) పెట్టా కాబట్టి ముందు కమాను గీరుడు పోతుంది, తర్వాత స్వరం పదును పోతుంది, చివరికి మంద్ర షడ్జం హమ్ ఒక్కటే మిగిలి అదీ కరిగిపోతుంది. ఈలోగా నేను కొత్తది వాయిస్తూనే ఉంటా, అంటే పుట్టడం పోవడం రెండూ ఒకేసారి వినిపిస్తున్నాయి, నాకు కావాల్సింది అచ్చంగా ఇదే.

ఎలియాన్ రాడీగ్ అనే ఫ్రెంచ్ ఎలక్ట్రానిక్ సంగీతకర్తని వినమన్నారు కదా, విన్నా. 1970ల్లో టిబెటన్ బౌద్ధం వైపు వెళ్ళి కొన్నేళ్ళు సంగీతమే ఆపేసి, మళ్ళీ తను ముందు వాడిన ఆర్ప్ 2500 సింథసైజర్ దగ్గరికి వచ్చారావిడ. ఆవిడ సంగీతంలో మార్పు ఎక్కడ మొదలైందో పట్టుకోలేం, అంత నెమ్మది.

2006లో అమరావతిలో జరిగిన కాలచక్ర అనే టిబెటన్ బౌద్ధ వేడుకలో ఇసుక మండలం (రంగు ఇసుకతో వేసే పెద్ద బొమ్మ) వేశారు, అంత ఓపిగ్గా వేసింది చివర్లో చెరిపేస్తారు, అందుకే ఈ పీస్‌కి నొటేషన్ రాయట్లేదు.

ఇక ఒక్కటే మిగిలింది, ఫోన్ స్పీకర్లలో ఆ మంద్ర షడ్జం అస్సలు వినపడట్లేదు, మాస్టరింగ్ (రికార్డింగ్‌కి చివర్లో చేసే సౌండ్ సవరణ) తెలిసినవాళ్ళు ఎవరైనా చెప్తారా ప్లీజ్