ఇథియోపియాలో నల్గొండ పద్ధతి: ఫ్లోరైడ్ నీళ్ల ఊళ్లవాళ్లు అనుభవాలు చెప్పండి

రిఫ్ట్‌వ్యాలీ_మాస్టారు
నేను ఇథియోపియాలో ఒక యూనివర్సిటీలో కెమిస్ట్రీ చెబుతున్నాను. ఇక్కడ రిఫ్ట్ వ్యాలీ అనే పెద్ద లోయ ప్రాంతపు ఊళ్లలో బోరు నీళ్ల ఫ్లోరైడ్ ఘోరం. పిల్లల పళ్ల మీద గోధుమరంగు చారలు చూస్తే మన మునుగోడు వైపు ఊళ్లే గుర్తొస్తాయి. మా స్టూడెంట్లు, యూరప్ నుంచి వచ్చిన ఒక సంస్థ కలిసి పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే మన నల్గొండ పద్ధతినే ఒక ఊళ్లో పెడదామంటున్నారు. నాకు మూడు విషయాలు తెలియాలి. ఇంటికో బకెట్ మేలా, ఊరికో ట్యాంకు మేలా? అడుగున దిగే మడ్డి ఎక్కడ పోయాలి? డబ్బులిచ్చినవాళ్లు వెళ్లిపోయాక మన దగ్గర వీటిని ఎవరు నడిపారు?

మర్రిగూడ_బిడ్డ
అన్నా, బకెట్టా ట్యాంకా అన్నది తర్వాత, ముందు వంట సంగతి చూడండి. మా ఊళ్లో ప్లాంటు పెట్టాక కూడా ఏళ్ల తరబడి క్యాను నీళ్లు తాగడానికే సరిపోయేవి, అన్నానికి ఎసరు, పప్పు, టీ, అన్నీ బోరు నీళ్లతోనే. నీళ్లు ఎంత మరిగించినా ఫ్లోరైడ్ పోదు, ఆవిరైపోయేది నీళ్లే, మిగిలిన దాంట్లో అది ఇంకా చిక్కబడుతుంది. మా నాయనమ్మ నడుము పూర్తిగా వంగిపోయింది, ఎదుటి మనిషి ముఖం చూడాలంటే గోడ పట్టుకుని మెడ పక్కకు తిప్పేది. ఆమె తాగింది క్యాను నీళ్లే కదా అని డాక్టరు అడిగితే వండింది దేంతోనో ఎవరూ చెప్పలేదు. మీ ఊళ్లో తలకు ఎన్ని లీటర్లు ఇస్తారో అందులో వంటను కలిపి లెక్కేయండి, లేకపోతే ఆ యూనిట్ పెట్టి లాభం లేదు.

ఆర్‌డబ్ల్యూఎస్_రిటైర్డ్
సర్వీసంతా గ్రామీణ నీటి సరఫరాలోనే గడిచింది కాబట్టి ఈ పద్ధతి గురించి ఇక్కడ ఎవరికంటే నాకే ఎక్కువ తెలుసు, నేను చెప్పేది రాసుకోండి. నాగపూర్‌లోని నీరి, అంటే జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ, తయారుచేసిన పద్ధతి ఇది. పటిక మోతాదు ఒక్క ఫ్లోరైడ్‌ను బట్టి వేయకూడదు, నీటి క్షారతను (ఆమ్లాన్ని తట్టుకునే గుణాన్ని) కూడా చూడాలి, ఆ రెండింటికీ కలిపి పట్టిక ఉంటుంది. సున్నం దాదాపు పటికలో ఇరవయ్యో వంతు. కలిపాక నెమ్మదిగా తిప్పాలి, అప్పుడే మడ్డి గడ్డలు కట్టి దిగుతుంది, కనీసం గంట కదపకూడదు, పైనున్న తేట నీళ్లే తీయాలి. రిఫ్ట్ వ్యాలీ నీళ్లలో బైకార్బొనేట్ ఎక్కువ, అంటే క్షారత ఎక్కువ కాబట్టి పటిక కూడా ఎక్కువే పడుతుంది. ఎక్కువ వేస్తే సల్ఫేట్ పెరిగి నీళ్ల రుచి మారిపోతుంది, పీహెచ్ తప్పితే అల్యూమినియం నీళ్లలోనే మిగులుతుంది. మన ప్రమాణంలో అల్యూమినియం లీటరుకు 0.2 మిల్లీగ్రాములు దాటకూడదు. ఫ్లోరైడ్ ఒక్కటే టెస్ట్ చేసి పాస్ అనే యూనిట్లను నేను ఒప్పుకోను.

కనిగిరి_రాజు
ఫ్లోరైడ్ అంటే అందరికీ నల్గొండే. దేశంలో ఈ జబ్బు గురించి మొదట రాసింది 1937లో, అదీ అప్పటి నెల్లూరు జిల్లా గురించి. అంటే మా పొదిలి, దర్శి, కనిగిరి వైపు, 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా ఇవి నెల్లూరులోనే ఉండేవి. తొంభై ఏళ్లు కావస్తోంది, వెలిగొండ ప్రాజెక్టు ఎప్పుడు పూర్తవుతుందా అని మేమింకా ఎదురుచూస్తున్నాం. ఇథియోపియాకు చెప్పేటప్పుడు మా పేరు కూడా చెప్పండి.

మర్రిగూడ_బిడ్డ
రాజన్నా, మాకు పేరు ఊరికే రాలేదు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్గొండ నుంచి 480 మంది నిలబడ్డారు, ఎందుకో తెలుసా? నీళ్ల కోసం. బ్యాలెట్ పేపరు పుస్తకమైపోయి ఎన్నికే వాయిదా వేయాల్సి వచ్చింది. 2004లో మా జిల్లా మీదుగానే హైదరాబాద్‌కు కృష్ణా నీళ్ల పైపు వేసుకుపోయారు, మేం చూస్తూ నిలబడ్డాం.

కనిగిరి_రాజు
నిలబడ్డారు, చివరికి మీకు నీళ్లొచ్చాయి. మాకు? ఎవరి నొప్పి పెద్దదని పోటీ పెట్టింది నేను కాదు, 1937 అనేది నిజం, అది చెబితే మీకెందుకు కోపం?

మర్రిగూడ_బిడ్డ
కోపం మీ మీద కాదన్నా. కానీ 'చివరికి నీళ్లొచ్చాయి' అని ఒక్క ముక్కలో తేల్చేస్తే, అవి వచ్చేలోపు వంగిపోయిన వాళ్ల సంగతేంటి?

శుద్ధజలం_ప్లాంట్
ఈ కాలంలో పటిక, సున్నం ఏంటి మాస్టారూ. ఆర్‌ఓ పెట్టించండి, మెంబ్రేన్ అనే సన్నటి పొర గుండా నీళ్లను తోసి వడగట్టే మిషను. నేను రెండు మండలాల్లో నడుపుతున్నాను, ఫ్లోరైడ్ దాదాపు మొత్తం పోతుంది, మడ్డి గొడవ లేదు, తిప్పే పని లేదు. కరెంటు, మెంబ్రేన్ ఉంటే చాలు.

పొలంగట్టు
మడ్డి గొడవ లేదా? మీ రిజెక్ట్ నీళ్లు ఎక్కడికి పోతున్నాయో చెప్పండి. బయటికొచ్చే మంచి నీళ్లకు కాస్త అటూ ఇటూగా అంతే వృథా నీళ్లు, అందులో ఫ్లోరైడ్ మొదటికంటే చిక్కగా ఉంటుంది. మా ఊరి ప్లాంటువాళ్లు దాన్ని మా పొలం పక్క కాలువలోకి వదిలారు, ఆ కాలువ పక్కనే పంచాయతీ బోరు. అడిగితే 'సారు, పర్మిషన్ ఉంది' అన్నారు.

శుద్ధజలం_ప్లాంట్
అందరినీ ఒకే గాటన కట్టకండి. మేం సోక్ పిట్, అంటే నీళ్లు ఇంకే గుంట, తీశాం. ఉచితంగా ఎవరూ నీళ్లివ్వరు, ఒక మెంబ్రేన్ మార్చాలంటే ఎంతవుతుందో కనుక్కుని మాట్లాడండి.

ఆర్‌డబ్ల్యూఎస్_రిటైర్డ్
సోక్ పిట్‌లోకి వదిలితే నేలలోకే కదా పోయేది? నేల అడుగున ఏముంది? బోరు నీళ్లే. దీన్ని పరిష్కారం అనకండి.

ఉద్దానం_తమ్ముడు
మా పలాస వైపు కిడ్నీ జబ్బు గురించి కూడా ఎవరైనా చెప్పండి. మొదట్లో నీళ్లే కారణమన్నారు, సిలికా అన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో పని అన్నారు, ఇంకా ఏదీ తేలలేదు. శ్రీలంకలో, మధ్య అమెరికా చెరకు తోటల్లో కూడా ఇదే రకం జబ్బు ఉందట. ఆ దేశాలు, మనం కలిసి ఒకే పద్ధతిలో పరీక్షలు చేస్తే ఎప్పుడో తేలేదేమో. ఎవరి దగ్గర రక్తం తీసుకుంటే వాళ్లు రిపోర్టు పట్టుకుని వెళ్లిపోయారు, మాకు చెప్పినవాళ్లు లేరు. వంశధార నీళ్లొచ్చాక కొంచెం ధైర్యమొచ్చింది.

శుద్ధజలం_ప్లాంట్
అది ఫ్లోరైడ్ కాదు కదా, వేరే టాపిక్ పెట్టుకోండి.

ఉద్దానం_తమ్ముడు
నీళ్ల వల్ల కష్టపడే జనం గురించే కదా మాట్లాడుతున్నాం, పక్కకు పొమ్మంటారేంటి.

చింతపండు_చారు
వంట మాటొచ్చింది కాబట్టి నేను చెప్పేది వినండి. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థవాళ్లు స్కూలు పిల్లలకు రోజూ చింతపండు ఇచ్చి చూస్తే మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోయింది. 1973లో ఇదే సంస్థ నల్గొండ జిల్లాలో జొన్నలు తినే ఊళ్లలో మోకాళ్లు లోపలికి వంగే రోగాన్ని గుర్తించి లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాసింది. కాల్షియం చాలని పిల్లలకు దెబ్బ ఎక్కువ. నీళ్లు మారేలోపు పిల్లల కంచంలో పాలు, ఆకుకూరలు, చింతపండు చారు పడేట్టు చూడొచ్చు, దానికి ఏ విదేశీ గ్రాంటూ అక్కర్లేదు.

ఆర్‌డబ్ల్యూఎస్_రిటైర్డ్
చారు తాగితే పోయేదైతే ఇన్ని పథకాలు ఎందుకమ్మా.

చింతపండు_చారు
పోతుందని నేను ఎక్కడన్నాను సార్? నీళ్లు మారేలోపు అన్నాను. చదివి జవాబివ్వండి.

రిఫ్ట్‌వ్యాలీ_మాస్టారు
వంట సంగతి మాకు అసలు తట్టలేదు. ఇక్కడివాళ్లు రోజూ తినే ఇంజెరా అనే రొట్టెకు పిండి కలిపేదీ, కాఫీ కాచేదీ ఆ నీళ్లతోనే. యూరప్ వాళ్లు ఎముకల బొగ్గు కూడా చెబుతున్నారు, కెన్యాలోని నకురులో చర్చి ఆధ్వర్యంలో స్విస్ శాస్త్రవేత్తల సాయంతో నడిచిందట. పశువుల ఎముకలను కాల్చి వడపోతకు వాడతారు. ఏ జంతువు ఎముకో అని ఊళ్లో అడుగుతారని మా స్టూడెంట్లకు టెన్షన్. మడ్డి గురించి మాత్రం ఇంకా ఎవరూ చెప్పలేదు.

ఆర్‌డబ్ల్యూఎస్_రిటైర్డ్
మడ్డిని ఆరబెట్టే గచ్చు యూనిట్‌తో పాటే కట్టించండి, బడ్జెట్‌లో మొదటి పద్దు అదే ఉండాలి. వాన నీళ్లు తగలకుండా రేకు వేయాలి, ఎండాక, నేలలోకి ఇంకకుండా లైనింగ్ ఉన్న గుంటలో వేయాలి. బోరుకు, చేలకు దూరంగా. ఇక ఇంటికో బకెట్ అంటారా, రోజూ పటిక తూచి, తిప్పి, గంట ఆగే ఓపిక ఎంతమందికి ఉంటుంది? ఇంటి పనంతా మీద ఉన్న ఆడవాళ్ల మీదే అదీ పడుతుంది. ఊరికో ట్యాంకు పెట్టి, జీతమిచ్చి మనిషిని పెట్టండి.

మర్రిగూడ_బిడ్డ
జీతం అన్నారు చూడండి, అక్కడే మా దగ్గర ఆగిపోయింది. ప్రాజెక్టు ఉన్నన్నాళ్లు ఆపరేటరుకు డబ్బులొచ్చాయి, పటిక బస్తాలొచ్చాయి. అది అయిపోయాక పంచాయతీ మీద పడేశారు, ఆపరేటరు కొన్ని నెలలు ఊరికే నడిపి మేస్త్రీ పనికి పోయాడు. తర్వాత మిషన్ భగీరథలో కృష్ణా నీళ్లు కుళాయిలోకి వచ్చాయి, అప్పుడు గానీ వంటకు మంచి నీళ్లు దొరకలేదు. మాస్టారూ, ఆ ఆపరేటరు ఇంకా ఊళ్లోనే ఉన్నాడు. మీ స్టూడెంట్లతో వీడియో కాల్ పెట్టిస్తాను, పాత ట్యాంకు కూడా చూపిస్తాడు. ఇంగ్లీషు రాదు, మీరు చెప్పాలి. ఆదివారం పొద్దున అయితే పనిలేకుండా ఉంటాడు.