హారాలు గుణించేస్తే లెక్క ఇంత పెద్దదైంది, ఎక్కడ కొట్టేయాలి?

మా తమ్ముడికి లెక్కలు చెప్తూ నేనే ఇరుక్కుపోయాను, కాస్త చూడండి. లెక్క ఇది: 6/(ఎక్స్² − 9) + 1/(ఎక్స్ + 3). క.సా.గు. గురించి ఆలోచించకుండా రెండు హారాల్నీ గుణించేశా, పైన లవంలో ఎక్స్² + 6ఎక్స్ + 9 వచ్చింది, కింద (ఎక్స్² − 9)(ఎక్స్ + 3). వాడేమో పైనా కిందా ఉన్న ఎక్స్²లు, 9లు టకటకా కొట్టేశాడు! అది తప్పని తెలుసు, కానీ ఎందుకో వాడికి అర్థమయ్యేలా చెప్పలేకపోయా. వెనక జవాబు 1/(ఎక్స్ − 3) అని ఉంది. ఎక్స్ బదులు 4 పెడితే నాదీ 49/49, అంటే 1, జవాబూ 1. మరి నాది కరెక్టేనా? అక్కడి నుంచి జవాబుకి ఎలా రావాలి, ముందే కారణాంకాలు విడగొట్టి ఉంటే ఈ గోల తప్పేదా? ఇంకోటి, ఎక్స్ = −3 కాకూడదని చివర్లో కూడా రాయాలా?