అప్‌డేట్: ఖర్జూరం రోల్స్ ఈసారి అంటుకోలేదు

ఓవెన్ లేకుండా క్రిస్మస్‌కి చేసిన ఖర్జూరం రోల్స్ చేతికి అంటుకుంటున్నాయి, కోస్తే సాగుతున్నాయి అని అడిగాను కదా. సంక్రాంతికి శుభ్రంగా కుదిరాయి.

తప్పు రెండు చోట్ల. అప్పుడు వాడిన కిమియా ఖర్జూరం (మెత్తటి నల్ల రకం) అసలే తడిగా ఉంటుంది, దాన్ని మళ్ళీ నానబెట్టడం ఒకటి. పప్పులు వేయించకుండా కలపడం రెండోది.

ఈసారి విశాఖ పూర్ణా మార్కెట్‌లో కాస్త గట్టి రకం తీసుకున్నాను. గింజ తీసిన ఖర్జూరం 250 గ్రాములు, బాదం, జీడిపప్పు కలిపి 120 గ్రాములు, నెయ్యి ఒక చెంచా, దొర్లించడానికి వేయించిన గసగసాలు. పప్పులు సన్నని సెగ మీద వేయించి, పూర్తిగా చల్లారాకే పలుకులుగా కొట్టాలి; వేడి మీద మిక్సీ పడితే నూనె వదులుతాయి. ఖర్జూరాన్ని నీటిచుక్క లేకుండా మిక్సీలో ఆపి ఆపి తిప్పి, నేతిలో మూడు నాలుగు నిమిషాలు కలియబెడితే ముద్ద మూకుడు అంచుల్ని వదిలేస్తుంది. పప్పులు కలిపి గోరువెచ్చగా ఉండగానే చుట్టి, గసగసాల్లో దొర్లించి, బటర్ పేపర్‌లో బిగించి రెండు గంటలు ఫ్రిజ్‌లో పెట్టాలి. చాకుకి నెయ్యి రాసి కొయ్యండి.

మన విశాఖ తేమకి ఇంకో జాగ్రత్త: ఫ్రిజ్‌లోంచి తీసిన డబ్బా మూత వెంటనే తెరిస్తే చల్లని ముక్కల మీద చెమట పట్టి మళ్ళీ జిగురే. అరగంట ఆగాలి. కొబ్బరి కావాలంటే ఎండుదే, పచ్చికొబ్బరి త్వరగా పాడవుతుంది.