మ్యాచ్‌లో ఫ్రీ త్రో రొటీన్ గాలికి పోతోంది, ఏం చేయాలి?

గార్డ్_9:
కాలేజీ బాస్కెట్‌బాల్ టీమ్‌లో గార్డ్‌గా ఆడతాను. ప్రాక్టీస్‌లో ఫ్రీ త్రోలు (ఫౌల్ అయ్యాక లైన్ దగ్గర నిలబడి ఎవరూ అడ్డు లేకుండా వేసే షాట్లు) పదికి ఎనిమిది పడతాయి, మ్యాచ్‌లో సగం కూడా పడట్లేదు. రొటీన్ లేదా అంటే ఉంది, మూడు డ్రిబుల్స్, బంతి చేతిలో ఒకసారి తిప్పడం, ఊపిరి, షాట్. కానీ మొదటిది మిస్ అయిందంటే చాలు రెండోదానికి ఇంకేదో చేసేస్తా, డ్రిబుల్స్ ఐదవుతాయి, ఒక్కోసారి అసలు డ్రిబులే ఉండదు. ఇది కాక మ్యాచ్ రోజు అవే సాక్సులు, ముందు కుడి షూ, అదే పాట, ఇదంతా ఒక తతంగం. మొన్న పాట వినడం కుదర్లేదు, ఇక గేమ్ అయ్యేదాకా మనసు కుదురుగా లేదు. వీటిలో ఏవి ఉంచాలి ఏవి తీసేయాలి? కోచ్‌ని అడిగితే ఇంకో వంద వెయ్ అంటారు, అంతే.

పాతకోచ్:
తమ్ముడూ, సాక్సులూ పాటా రొటీన్ కాదు, సెంటిమెంట్. లైన్ దగ్గర నీతో ఉండేవి నీ కాళ్ళు, ఊపిరి, చూపు, ఈ మూడే. ఇయర్‌ఫోన్స్ మర్చిపోయినా ఇవి ఎక్కడికీ పోవు. సాక్సులు సరదాకి ఉంచుకో, ఎవరికీ నష్టం లేదు, పాట మాత్రం కొన్ని మ్యాచ్‌లకి కావాలనే మానేసి చూడు.
ఇంకో సంగతి, నీ రొటీన్ ఎంతసేపు పడుతుందో ఎప్పుడైనా స్టాప్‌వాచ్ పెట్టి చూశావా? ఫీబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) రూల్స్‌లో రిఫరీ బంతి ఇచ్చాక 5 సెకన్లే టైమ్, అమెరికా లీగ్ ఎన్‌బీఏలో అయితే 10. అందుకని ఊపిరి బంతి చేతికి రాకముందే తీసుకో, భుజాలు వదులు చేసుకో, కాళ్ళు సర్దుకో. ఈ పని అప్పుడే అయిపోతే బంతి వచ్చాక మిగిలేది డ్రిబుల్స్, చూపు, షాట్. కంగారు సగం అక్కడే తగ్గుతుంది.

బెంచ్_ప్లేయర్:
రూల్ అంటే గుర్తొచ్చింది, 2021 ఎన్‌బీఏ ప్లేఆఫ్స్‌లో యానిస్ అనే ప్లేయర్ లైన్ దగ్గర నిలబడితే జనం ఒకటి, రెండు అని గట్టిగా లెక్కపెట్టేవాళ్ళు కదా, అంత లేట్ చేసేవాడు. అయినా ఫైనల్స్ ఆరో గేమ్‌లో 19కి 17 వేశాడు. పాత ఎన్‌బీఏ ప్లేయర్లలో జేసన్ కిడ్ రిమ్ (బాస్కెట్ రింగ్) వైపు ముద్దు విసిరేవాడు, కార్ల్ మలోన్ ఏదో గొణుక్కునేవాడు, స్టీవ్ నాష్ బంతి రాకముందే ఉత్త చేతుల్తో షాట్ వేసినట్టు చేసేవాడు. ఒకరిది ఒకరికి పోలిక లేదు, కాబట్టి ఎన్ని డ్రిబుల్స్ అన్నది పెద్ద విషయం కాదు బ్రో. కాపీ కొట్టాలనుకుంటే మాత్రం నాష్‌ది కొట్టు, మిగతావి చూడ్డానికే బాగుంటాయి 😄

రీబౌండ్_రాజా:
నేను కొంచెం వేరేగా అంటాను. రొటీన్ మార్చే ముందు ప్రాక్టీస్ ఎలా చేస్తున్నావో చూసుకో. కదలకుండా నిలబడి వంద వేస్తే నాలుగోదానికల్లా చెయ్యి అలవాటు పడిపోతుంది, పక్కోడు బంతి అందిస్తూనే ఉంటాడు, నువ్వు వేస్తూనే ఉంటావు, అందులో రొటీన్ ఎక్కడుంది? మ్యాచ్‌లో అయితే పరిగెత్తి, దెబ్బ తిని, గుండె కొట్టుకుంటుంటే వచ్చి రెండు వేస్తావు, మళ్ళీ ఎప్పటికో. ఆ రెండే ప్రాక్టీస్ చెయ్. కోర్టు ఆ చివరికీ ఈ చివరికీ ఉరికి వచ్చి రెండు వెయ్, పక్కకి పో, వేరే డ్రిల్ చేసి మళ్ళీ వచ్చి రెండు. రోజుకి ఇరవై అయినా చాలు. మొదటి షాట్ లెక్క వేరేగా రాసుకో, అసలు రంగు అందులో బయటపడుతుంది. ఒకసారి ఫోన్‌లో వీడియో తీసి డ్రిబుల్స్ లెక్కపెట్టు కూడా.

గార్డ్_9:
వీడియో తీశా అన్నా. పరువు పోయింది. 20 షాట్లలో మూడు డ్రిబుల్స్, తిప్పడం, ఊపిరి అన్నీ కలిపి చేసింది 6 సార్లే. మ్యాచ్‌లో రొటీన్ పోతోంది అనుకుంటున్నా, ప్రాక్టీస్‌లోనే లేదు అది! బంతి తిప్పడం తీసేశా, డ్రిబుల్స్ రెండు చేశా, ఇప్పుడు 4 సెకన్లలో అయిపోతోంది. ఒక డౌట్, చూపు రిమ్ ముందు అంచు మీద పెట్టాలా వెనక అంచు మీదా?

పాతకోచ్:
ఏదైనా పర్లేదు, ఎప్పుడూ అదే అయితే చాలు. కాకపోతే బంతి పైకి లేపే ముందే చూపు అక్కడ ఆగాలి, లేపేటప్పుడు వెతుక్కోకూడదు. జోన్ వికర్స్ అనే పరిశోధకురాలు 1996లో ఫ్రీ త్రోల మీదే ఇది చూసింది, బాగా వేసేవాళ్ళ చూపు షాట్ మొదలయ్యే ముందు ఒక్కచోట ఎక్కువసేపు నిలబడుతుందట. ఇక మొదటిది మిస్ అయినప్పుడు ఎందుకు మిస్ అయిందో అక్కడ ఆలోచించకు. లైన్ నుంచి ఒక అడుగు వెనక్కి వేసి, మళ్ళీ వచ్చి, మొదట్నుంచి అదే రెండు డ్రిబుల్స్. మూడోది కొట్టాలని చెయ్యి లాగుతుంది చూడు, కొట్టకు.