కరెంటు పోయి వచ్చాక గేమింగ్ ల్యాప్‌టాప్ ఆన్ కావట్లేదు, పిన్ను గుచ్చితే ఛార్జర్ లైటే ఆరిపోతోంది

గోదారి_గేమర్

15.6 అంగుళాల గేమింగ్ ల్యాప్‌టాప్. 12వ తరం ఐ7, ఆర్‌టీఎక్స్ 3060, 230 వాట్ల ఛార్జర్ (20 వోల్టులు, 11.5 ఆంపియర్లు). వారంటీ అయిపోయింది. గేమ్ నడుస్తుండగా కరెంటు రెండుసార్లు పోయి వచ్చింది. రెండోసారి రాగానే స్క్రీన్ టక్కున ఆరిపోయింది. అప్పట్నుంచి పవర్ బటన్ ఎంత నొక్కినా ఫ్యాన్ కదలదు, ఏ లైటూ రాదు.

ఛార్జర్‌ని గోడకు పెడితే దాని లైటు బాగానే వెలుగుతుంది. పిన్ను ల్యాప్‌టాప్‌లో గుచ్చీ గుచ్చగానే ఆరిపోతుంది. గోడ దగ్గర స్విచ్ ఆపి కాసేపాగి వేస్తే మళ్లీ వస్తుంది. షాపులో అడిగితే ఛార్జర్ పోయింది, కొత్తది కొనమన్నారు. కొనేయనా? మల్టీమీటరు ఉంది, వెనక మూత విప్పడం వచ్చు.

టంకం_బాబాయ్

కొనకండి. ఛార్జర్ తన పని తాను చేస్తోంది. అవతల షార్ట్ కనబడగానే తనను తాను ఆపేసుకుంటోంది, అందుకే గోడ దగ్గర ఆపి వేసేదాకా తిరిగి రాదు. అనుమానం తీరాలంటే మీటరును 20 వోల్టులు దాటిన డీసీ రేంజిలో పెట్టి పిన్ను దగ్గర చూడండి. బయటి రేకు మైనస్, లోపలి గొట్టం ప్లస్, మధ్యలో సన్నటి సూది ఉంటే అది ఛార్జర్ ఎన్ని వాట్లదో చెప్పే తీగ. ప్రోబుతో ప్లస్‌నీ రేకునీ కలిపేయకుండా జాగ్రత్త. 19.5 నుంచి 20.5 మధ్య వస్తే చాలు.

ఇక పిన్ను మళ్లీ మళ్లీ గుచ్చి చూడటం ఆపేయండి. గుచ్చిన ప్రతిసారీ ఆ షార్ట్‌లోకి కరెంటు దూకుతుంది, ఇంకో భాగం పోవచ్చు.

మూత విప్పాక ముందు బ్యాటరీ కనెక్టర్ తీయాలి, మిగతావన్నీ తర్వాతే. బ్యాటరీ ఉబ్బి ఉంటే దాని జోలికి పోకండి. అది తీసి పవర్ బటన్ ఒక నిమిషం నొక్కి పట్టుకుని వదలండి. పవర్ బటన్, ఛార్జింగ్ చూసుకునే కంట్రోలర్ చిప్ బిగుసుకుపోయిన కేసులు దీంతో లేస్తాయి. మీ లక్షణాలకు అది మందు కాదుగానీ, ఖర్చు లేని పని.

అసలు పరీక్ష ఇది. చాలా గేమింగ్ మోడళ్లలో ఛార్జింగ్ జాక్ బోర్డుకు అతికి ఉండదు, చిన్న వైరుతో వచ్చి కనెక్టర్‌లో కూర్చుంటుంది. ఆ కనెక్టర్ బోర్డు నుంచి పీకి, వేలాడుతున్న జాక్‌లో ఛార్జర్ గుచ్చండి. అప్పుడూ లైటు ఆరిపోతే జాకే షార్ట్, మార్చుకుంటే సరి. ఆరకపోతే తప్పు బోర్డు మీద ఉంది.

ఇంకొకటి: ఛార్జర్ లేకుండా, ఉత్త బ్యాటరీ మీద ఆన్ చేసి చూశారా?

గోదారి_గేమర్

బ్యాటరీ మీదా రాలేదండీ, 70 శాతం పైనే ఉండాలి. ఛార్జర్ 20.1 వోల్టులు. జాక్ పీకి గుచ్చితే లైటు నిలిచింది. నల్లబడినదేదీ కంటికి కనబడటం లేదు.

మిల్లీ_ఓమ్

అయితే బోర్డే. బ్యాటరీ మీద కూడా రాకపోవడం పెద్ద ఆధారం. షార్ట్ ఒక్క జాక్ వైపే ఉంటే బ్యాటరీ మీద నడవాలి. (బ్యాటరీ ప్యాక్ కూడా తనను తాను కట్ చేసుకుని ఉండొచ్చు. అలా అయితే ఛార్జింగ్ తగిలేదాకా లేవదు, కాబట్టి ఇదొక్కటే పట్టుకుని తీర్పు చెప్పలేం.)

దారి ఇలా ఉంటుంది: జాక్, తర్వాత ఎదురెదురుగా రెండు మోస్‌ఫెట్లు (కరెంటును వదిలే, ఆపే స్విచ్‌లాంటి భాగాలు), తర్వాత కరెంటు కొలిచే రెసిస్టర్ (5 లేదా 10 మిల్లీ ఓములది, కాస్త పెద్ద బిళ్లలా ఉంటుంది), అక్కణ్నుంచి మెయిన్ రైలు (బోర్డంతటికీ కరెంటు పంచే ప్రధాన లైను). సీపీయూ (ప్రాసెసర్), జీపీయూ (గ్రాఫిక్స్ చిప్), ర్యామ్, 5 వోల్టులు, 3.3 వోల్టులు, అన్నీ ఆ రైలు నుంచే పుడతాయి. మోస్‌ఫెట్లు బాగుండి మెయిన్ రైలు ఒక్కటే షార్ట్ అయితే చాలా బోర్డుల్లో ఛార్జర్ లైటు ఆరదు, ల్యాప్‌టాప్ మాత్రం ఉలకదు పలకదు. మీది గుచ్చగానే ఆరుతోంది. అంటే జాక్ వైపు షార్ట్ ఉండాలి, లేదా మెయిన్ రైలుతోపాటు ఆ రెండు మోస్‌ఫెట్లూ పోయి ఉండాలి. నా ఓటు రెండోదానికి.

బ్యాటరీ, ఛార్జర్ రెండూ తీసి ఉండగా మీటరును ఓముల్లో అతి తక్కువ రేంజిలో పెట్టండి. ప్రోబులు రెండూ కలిపితే 0.2, 0.3 చూపిస్తుంది, అది లీడ్ల (ప్రోబు వైర్ల) సొంత నిరోధం, ప్రతి కొలతలోంచీ తీసేయాలి. నల్ల ప్రోబు స్క్రూ రంధ్రం చుట్టూ ఉన్న రాగి వలయం మీద ఉంచి, ఎర్రదానితో జాక్ కనెక్టర్ ప్లస్, ఆ రెసిస్టర్ రెండు వైపులా, తర్వాత ఒక్కో కాయిల్ (చిప్పులకు కరెంటు అందించే తీగచుట్ట) చూసి రాసుకోండి. బీప్ మోడ్‌ను నమ్మొద్దు. జీపీయూ కాయిళ్లు బాగున్నా ఓము దగ్గర్లోనో అంతకన్నా తక్కువో చూపిస్తాయి, బీప్ కొడతాయి. అది విని “జీపీయూ షార్ట్” అనేవాళ్లు షాపుల్లోనూ ఉన్నారు.

గోదారి_గేమర్

లీడ్లు తీసేశాక: జాక్ ప్లస్ 0.4, రెసిస్టర్ రెండు వైపులా 0.4. జీపీయూ కాయిళ్లు 0.9, సీపీయూవి 5 చిల్లర. మిగతా కాయిళ్లన్నీ వందల్లో, వేలల్లో ఉన్నాయి.

మిల్లీ_ఓమ్

ఈ అంకెలు మంచివే. భయపడాల్సిన కేసు ఒకటుంది: జీపీయూకి కరెంటు ఇచ్చే పై మోస్‌ఫెట్ (మెయిన్ రైలుకూ కాయిల్‌కూ మధ్య ఉండేది) షార్ట్ అయి, ఒక వోల్టు చుట్టుపక్కల బతికే చిప్ మీద నేరుగా 20 వోల్టులు పడటం. అలా జరిగి ఉంటే మెయిన్ రైలు, జీపీయూ కాయిల్ ఒకే అంకె చూపించాలి. మీకు రైలు 0.4, కాయిల్ 0.9. సీపీయూది ఇంకా దూరం. అంటే షార్ట్ వాటి గుండా పోవట్లేదు, రైలు మీదే నేలకు దిగుతోంది. ఎక్కువసార్లు ఇది గోధుమరంగు సిరామిక్ కెపాసిటర్ ఒకటి లోపల చిట్లడం వల్ల. పైకి ఏమీ కనబడకపోవచ్చు.

దాన్ని పట్టుకోవడానికి బెంచ్ పవర్ సప్లై (వోల్టేజీ, కరెంటు మనమే సెట్ చేసుకునేది) కావాలి. వోల్టేజీ 1 వోల్టు, కరెంటు లిమిట్ 2 ఆంపియర్లతో మొదలుపెట్టి రెసిస్టర్ దగ్గర ఇవ్వాలి. ఎక్కడ వేడెక్కుతుందో థర్మల్ కెమెరా చూపిస్తుంది. కెమెరా లేకపోతే బోర్డు మీద ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పల్చగా పోస్తే షార్ట్ అయిన భాగం మీద ముందుగా ఆరిపోతుంది. ఏమీ కనబడకపోతే కరెంటు పెంచాలి, వోల్టేజీ కాదు. నా లెక్క ఎక్కడైనా తప్పి దారి జీపీయూలోకి ఉన్నా, 1 వోల్టు దాటకపోతే చిప్ బతికే ఉంటుంది.

ఆ భాగం తీసేశాక రైలు మళ్లీ కొలవాలి. షార్ట్ పోతే అప్పుడు ఆ రెండు మోస్‌ఫెట్లు మార్చాలి. ముందే మారిస్తే కొత్తవీ పోతాయి. ఒకేచోట వరసగా ఉన్న కెపాసిటర్లలో ఒకటి లేకపోయినా బోర్డు సాధారణంగా నడుస్తుంది, అయినా అదే విలువది, 25 వోల్టులకు తగ్గనిది వేయించడమే పద్ధతి.

వైరు_వెంకన్న

బెంచ్ సప్లై, హాట్ ఎయిర్ (వేడిగాలితో భాగాలు ఊడదీసే సాధనం) లేకపోతే ఇక్కడ ఆగి చిప్ లెవెల్ షాపుకు, అంటే బోర్డు మీద ఒక్కో భాగం మార్చి బాగుచేసే చోటుకు వెళ్లండి. సికింద్రాబాద్ సీటీసీలో (చెనాయ్ ట్రేడ్ సెంటర్) ఈ పని చేసేవాళ్లు చాలామంది ఉన్నారు. కంపెనీ సర్వీస్ సెంటర్లలో మామూలుగా బోర్డు మొత్తం మారుస్తారు. సీపీయూ, జీపీయూ బోర్డుకే అతికి ఉంటాయి కాబట్టి బిల్లు కొత్త ల్యాప్‌టాప్ ధరకు దగ్గర్లో పడుతుంది.

ఇచ్చే ముందు ఎస్‌ఎస్‌డీ (మీ ఫైళ్లుండే డ్రైవ్) విప్పి ఇంట్లో పెట్టుకోండి, షార్ట్ వెతకడానికి అది అక్కర్లేదు. యూఎస్‌బీ ఎన్‌క్లోజర్‌లో పెట్టి వేరే కంప్యూటర్‌లో ఫైళ్లు తీసుకోవచ్చు. అది 48 అంకెల రికవరీ కీ అడిగితే కంగారు పడకండి, చాలా విండోస్ 11 మెషీన్లలో ఎన్‌క్రిప్షన్ దానంతటదే ఆన్ అయి ఉంటుంది. కీ సాధారణంగా మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో దొరుకుతుంది. బోర్డు మారితే ఎలాగూ అడుగుతుంది, ఇప్పుడే రాసిపెట్టుకోండి.

షాపులో ఈ కొలతల చీటీ చూపించండి. “రీబాలింగ్ చేయాలి” (చిప్ ఊడదీసి కింది టంకం బంతులు మార్చడం), “జీపీయూ వేడి చేసి చూద్దాం” అంటే బోర్డు వెనక్కి తీసుకుని వచ్చేయండి. 0.4 ఓముల మెయిన్ రైలు షార్ట్‌కూ జీపీయూ కింది బంతులకూ సంబంధం లేదు.

టంకం_బాబాయ్

హీట్‌సింక్ విప్పించే ముందు మీ మోడల్‌లో లిక్విడ్ మెటల్ (చిప్‌కూ హీట్‌సింక్‌కూ మధ్య పూసే ద్రవ లోహం) ఉందో లేదో చూసుకోండి. అది కరెంటు పారే పదార్థం, చుక్క పక్క కెపాసిటర్ల మీద పడిందంటే కొత్త షార్ట్.

బాగయ్యాక మొదటిసారి నేరుగా 230 వాట్ల ఛార్జర్ పెట్టొద్దని చెప్పండి. బ్యాటరీ తీసి ఉంచి, బెంచ్ సప్లైలో 20 వోల్టులు పెట్టి, కరెంటు అర ఆంపియర్‌కు లిమిట్ చేసి ఇవ్వాలి. బటన్ నొక్కకముందు కొద్ది పదుల మిల్లీ ఆంపియర్లకు మించి లాగకూడదు. లిమిట్‌ను కొట్టేస్తే ఇంకెక్కడో షార్ట్ మిగిలి ఉంది. అంతా బాగుంటే లిమిట్ పెంచి ఆన్ చేయాలి. డీడీఆర్5 ర్యామ్ అయితే ఫ్యాన్ తిరుగుతూ స్క్రీన్ నల్లగా కొన్ని నిమిషాలు ఉండొచ్చు, మెమరీని కొత్తగా సరిచూసుకుంటుంది. మధ్యలో బటన్ నొక్కి ఆపకండి.